షూటింగ్‌కు ఇల్లు అడుగుతున్నారు, నాన్న ఏమో "మీ ఇష్టం" అంటున్నారు

ప్రశ్న: రెండు నెలల కిందట మా వీధిలో సినిమా షూటింగ్ జరిగింది. మా నాన్నగారు రిటైరైన టీచరు. వయసు 76. రోజూ సాయంత్రం గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆయన అలవాటు. ఆ రోజూ అలాగే కూర్చున్నారు. వాకీటాకీ పట్టుకున్న ఓ కుర్రాడు దూరం నుంచే "ఓ పెద్దాయనా, ఫ్రేములో ఉన్నావ్, లోపలికెళ్ళు" అని అరిచాడు. వీధి వీధంతా చూస్తోంది. నాన్న ఒక్క మాట అనకుండా లేచి, కుర్చీ తీసుకుని లోపలికి వచ్చేశారు. షూటింగ్ వాళ్ళు వెళ్ళిపోయినా ఆయన మళ్ళీ బయట కూర్చోవడం లేదు.

ఇప్పుడు అదే యూనిట్ మేనేజర్ వచ్చి నాలుగు రోజులు మా ఇల్లు కావాలంటున్నాడు. పాత ఇల్లు, వెలుతురు బాగుంది, కథకు సరిపోతుంది అన్నాడు. మావారు ఒప్పేసుకుందామంటున్నారు. డబ్బు వస్తుంది, ఇల్లు తెర మీద కనబడుతుంది అని ఆయన సంబరం. తొమ్మిదేళ్ళ మా పాప స్కూల్లో అందరికీ అప్పుడే చెప్పేసింది. ఇల్లు కట్టింది నాన్న. ఆయన్ని అడిగితే "మీ ఇష్టం" అంటున్నారు. ఆ మాట వింటుంటేనే నాకు టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోవాలా, వద్దనాలా? ఒప్పుకుంటే ఏమేం అడగాలి? (పేరు వేయవద్దు)

సమాధానం: అమ్మా, ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం. ఇల్లు ఇవ్వడమా మానడమా అన్నది ఆ తర్వాత. అసలు ఈ రెండూ వేరువేరు విషయాలు కావు. ఇల్లు ఆయన పేరు మీద ఉంటే, ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. మీవారు మాట ఇచ్చినా, మీరు తలూపినా ఆ సంతకానికి సమానం కాదు. పద్ధతిగా పనిచేసే నిర్మాణ సంస్థ ఏదైనా ఇంటి యజమాని సంతకం లేకుండా సామాను దించదు. రేపు ఏదైనా గొడవ వస్తే నష్టపోయేది తామేనని వాళ్ళకు తెలుసు. కాబట్టి "మీ ఇష్టం" అన్న మాట దగ్గర ఈ విషయాన్ని ఆగిపోనివ్వకండి. అది ఒప్పుకోవడం కాదు, వద్దనడమూ కాదు. పదిమంది ముందు మాట పడ్డ మనిషి పక్కకు తప్పుకోవడం అది.

సినిమా పేజీలకు రాస్తూ చాలా ఏళ్ళు లొకేషన్ల చుట్టూ తిరిగాను. ఆ కుర్రాడి అరుపు ఎక్కడ పుట్టిందో చెప్పగలను. వాణ్ణి వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. అది ఎక్కడ పుట్టిందో తెలిస్తే, దాన్ని ఎవరి దగ్గర ఎత్తాలో మీకు తెలుస్తుంది.

సాయంత్రం పొద్దు వాలే ముందు వెలుతురు మెత్తబడి బంగారు రంగు తిరుగుతుంది. కెమెరా వాళ్ళు మేజిక్ అవర్ అంటారు. పేరులో గంట ఉంది గానీ చాలా చోట్ల అది గంటసేపు కూడా నిలవదు. ఆ కాస్త వ్యవధిలో షాట్ తీయకపోతే మర్నాడు ఇంతమందినీ మళ్ళీ అక్కడికే తేవాలి. అప్పుడు డైరెక్టర్ పక్కనున్న అసిస్టెంట్‌తో "అక్కడెవరో కూర్చున్నారు చూడండి" అంటాడు. అతను అదే సంగతి వాకీటాకీలో "ఫ్రేమ్ క్లియర్ చెయ్యండి" అంటాడు. వీధి చివర నిలబడ్డ కుర్రాడి చెవిన పడేసరికి అందులో మనిషి మిగలడు, ఫ్రేము మాత్రమే మిగులుతుంది. యూనిట్‌లో అందరికన్నా చిన్న ఉద్యోగం వాడిది. తెల్లారకముందు నుంచి నిలబడి ఉంటాడు. ఎవరైనా ఫ్రేములోకి వస్తే తిట్లు తినేదీ వాడే. మీ నాన్నగారిని అవమానించమని వాడికి ఎవరూ చెప్పలేదు. మర్యాదగా అడగమని కూడా ఎవరూ చెప్పి ఉండరు. తప్పు అక్కడ ఉంది. ఆ తప్పు వాడి పైవాళ్ళది.

ఒక మనిషి ఫ్రేములో కూర్చుంటే అంత కంగారు ఎందుకని మీకు అనిపించవచ్చు. తెర మీద రెండు నిమిషాలు నడిచే సన్నివేశం తీయడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. ముందు దూరం నుంచి మొత్తం తీస్తారు. తర్వాత కెమెరా మార్చి ఒకరి ముఖం, మళ్ళీ మార్చి ఇంకొకరి ముఖం తీస్తారు. మార్చిన ప్రతిసారీ లైట్లు సర్దాలి. గంటల తేడాతో తీసిన ఈ ముక్కలన్నీ పక్కపక్కన అతికినప్పుడు ఒకే క్షణంలో జరిగినట్టు కనబడాలి. ఒక ముక్కలో గుమ్మం పక్కన పెద్దాయన ఉండి, తర్వాతి ముక్కలో లేకపోతే ప్రేక్షకుడి కన్ను అక్కడే ఆగిపోతుంది. దీన్నే కంటిన్యుటీ అంటారు. దాన్ని కనిపెట్టుకుని ఉండటానికే యూనిట్‌లో ఒక మనిషి ఉంటారు. సత్యజిత్ రాయ్ తన మొదటి సినిమాకు తెల్లని రెల్లుపూల చేలో ఒక రోజు షూటింగ్ చేసి, కొన్నాళ్ళకు మిగతా భాగం తీద్దామని వెళ్ళేసరికి పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్ళీ పూలు పూసే కాలం వచ్చేదాకా ఆ సన్నివేశం ఆగిపోయింది. లొకేషన్‌లో పనిచేసేవాళ్ళందరికీ లోలోపల ఉండే భయం ఇదే. నిన్న ఉన్నది ఇవాళ ఉండదేమోనని.

ఆ భయం నిజమైనదే. అయినా దానికి మర్యాదైన దారులు రెండున్నాయి. దగ్గరికి వచ్చి, విషయం చెప్పి, "ఒక పావుగంట లోపల కూర్చుంటారా సార్" అని అడగడం ఒకటి. "మీరు ఇలాగే కూర్చోండి, అన్ని షాట్లలోనూ ఉండండి, మాకూ బాగుంటుంది" అని అడగడం ఇంకొకటి. వీధి సహజంగా కనబడాలని డబ్బిచ్చి జూనియర్ ఆర్టిస్టులను తెచ్చి కూర్చోబెట్టే చోట, నిజంగా ఆ వీధిలో బతికే మనిషిని ఉండమనడం మంచి దర్శకులకు కొత్త కాదు.

అసలు సినిమా మొదలైందే మామూలు మనుషులతో. 1895లో లూమియేర్ సోదరులు ఫ్రాన్స్‌లో తమ ఫ్యాక్టరీ గేటు ఎదుట కెమెరా పెట్టి, పని ముగించుకుని బయటికి వస్తున్న కార్మికులను తీశారు. ఆ చిత్రానికి ఇప్పటికీ మూడు రూపాలు ఉన్నాయి. ఒకదాంట్లో ఒక గుర్రం, ఇంకొకదాంట్లో రెండు గుర్రాలు, మూడోదాంట్లో గుర్రమే లేదు. అంటే ఆ కార్మికులు ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ కెమెరా ముందు ఆ గేటు దాటారు. సినిమా పుట్టిన ఏడాది నుంచీ దారిన పోయే మనిషి సాయం లేకుండా సినిమా లేదు. ఈ సంగతి మీ నాన్నగారికి చెప్పండి. ఓదార్పు మాటగా చెప్పమనడం లేదు. ఆయన టీచరు కదా, వినదగ్గ విషయం అనిపించే చెబుతున్నాను.

ఆయనతో మాట్లాడేటప్పుడు మీవారినీ పాపనూ పక్కన పెట్టుకోకండి. సంబరంలో ఉన్న ఇద్దరి ఎదుట "వద్దు" అనడం ఆయనకు కష్టం. ఇద్దరే ఉన్నప్పుడు, "ఇద్దామా వద్దా" అని కాకుండా చిన్నచిన్న ప్రశ్నలు అడగండి. మీ గదిలోకి ఎవరూ రాకుండా ఉంటే మీకు పర్వాలేదా? ఆ నాలుగు రోజులు ఇక్కడే ఉంటారా, వేరేచోట ఉంటారా? ఆ రోజు జరిగినదాని గురించి మేనేజర్‌తో నేను మాట్లాడనా, మీరు మాట్లాడతారా, అసలు ఎత్తవద్దంటారా? చివరి ప్రశ్నకు ఆయన ఏం చెబితే అది చేయండి. కొందరికి క్షమాపణ కావాలి. కొందరికి ఆ ప్రస్తావన మళ్ళీ వస్తేనే బాధ. మీ నాన్నగారు ఏ రకమో మీకే తెలియాలి.

ఎత్తమంటే మాత్రం సరైన మనిషి దగ్గర ఎత్తండి. జనం చాలాసార్లు ఇక్కడే పొరబడతారు. లొకేషన్‌లో గట్టిగా అరిచేవాళ్ళ చేతిలో అధికారం ఉండదు, అధికారం ఉన్నవాళ్ళు కళ్ళబడరు. హీరో దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నా లాభం లేదు, అతను పనికి వచ్చి పోయే మనిషి. డైరెక్టర్ ధ్యాసంతా షాట్ మీద ఉంటుంది. ఇల్లు, వీధి, అనుమతులు, ఇరుగుపొరుగు, ఈ లెక్కలన్నీ చూసేది ప్రొడక్షన్ మేనేజర్. పెద్ద యూనిట్ అయితే లొకేషన్ మేనేజర్ అని విడిగా ఉంటారు. సెట్ మీద మనుషులను కదిపేది మాత్రం మొదటి అసిస్టెంట్ డైరెక్టర్, కొన్నిచోట్ల కో-డైరెక్టర్ అంటారు. మీ ఇంటికి వచ్చిన మనిషి ఈ ఇద్దరిలో ఎవరో కనుక్కోండి. రెండో మనిషిని కూడా సంతకానికి ముందే ఒకసారి ఇంటికి రమ్మనండి. "రెండు నెలల కిందట మా నాన్నగారితో మీవాళ్ళు ఇలా మాట్లాడారు. ఈసారి మా ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఇది తేలకుండా ముందుకు వెళ్ళలేం" అని నిదానంగా చెప్పండి. గొంతు పెంచక్కర్లేదు. ఇల్లు కావాల్సింది వాళ్ళకి. ఇంత మాట విని ముఖం చిట్లించే యూనిట్ అయితే, నాలుగు రోజుల్లో మీ ఇంటిని ఎలా చూస్తుందో ముందే తెలిసిపోయినట్టు.

ఇక ఇంటి సంగతి. ఇల్లు షూటింగ్‌కు ఇవ్వడమంటే ఖాళీ గదులు కొన్నాళ్ళు అద్దెకు ఇచ్చినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. తెర మీద ఇద్దరే కనబడే సన్నివేశానికి కూడా లోపలా బయటా కలిపి యాభై మందికి తక్కువ కాకుండా ఉంటారు, పెద్ద సినిమా అయితే వంద దాటుతారు. కెమెరా వాళ్ళు, లైట్‌మెన్, ఆర్ట్ డిపార్ట్‌మెంట్, మేకప్, కాస్ట్యూమ్స్, సౌండ్, డ్రైవర్లు. ఇంతమంది ఏ బాత్‌రూమ్ వాడతారన్నది మీరు మొహమాటపడకుండా అడగాల్సిన మొదటి ప్రశ్న. మీది కాదు, వాళ్ళు తెచ్చుకునే వ్యాన్లు అనే జవాబు రావాలి.

కరెంటు విషయంలో గట్టిగా ఉండండి. 10 కిలోవాట్ల లైటు ఒక్కటి 230 వోల్టుల మీద 43 ఆంపియర్లు లాగుతుంది. పాత ఇంటి వైరింగ్ అంత బరువు మోయదు. ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి తప్ప మీ ప్లగ్గులు దేనికీ వాడకూడదని, లైట్లన్నీ జనరేటర్ మీదే నడవాలని రాయించుకోండి. ఆ జనరేటర్ బండి ఎక్కడ నిలబెడతారో కూడా అడగండి. ఆ హోరూ పొగా మీ నాన్నగారి కిటికీ కింద ఉండకూడదు.

గోడలకు ఎక్కువ నష్టం చేసేది లైట్ల కన్నా టేపు. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు. కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురుది సుమారు 5600 కెల్విన్లు ఉంటుంది. పాతరకం పసుపు లైట్లది 3200. కంటికి తెలియదు గానీ కెమెరాకు ఒకటి నీలంగా, ఇంకొకటి నారింజగా కనబడతాయి. రెండూ కలవడానికి కిటికీ అద్దాల మీద రంగు కాగితాలు అతికిస్తారు. పగలు రాత్రి సీన్ తీయాలంటే కిటికీలు నల్లగుడ్డతో మూసేస్తారు. ఇప్పుడు రంగు మార్చుకునే ఎల్‌ఈడీ లైట్లు వచ్చి ఆ అవసరం తగ్గింది గానీ పోలేదు. ఇదంతా నిలబడేది టేపు మీద. పీకేటప్పుడు పెయింటు పెచ్చులు టేపుతో పాటు ఊడి వస్తాయి. కెమెరా నడిచే ట్రాక్, ట్రాలీ, లైటు స్టాండ్ల ఇనపకాళ్ళు నేలను గీరుతాయి. కింద పరచడానికి చెక్క షీట్లు, మందపాటి గుడ్డలు వాళ్ళే తెచ్చుకోవాలి. గోడకు మేకు కొట్టాలన్నా, రంగు మార్చాలన్నా, తలుపు ఊడదీయాలన్నా ముందు అడగాలి. "తర్వాత సరిచేస్తాం" అన్న మాట నోటితో చెల్లదు.

సౌండ్ వాళ్ళ గురించి ఒక మంచి సంగతి చెబుతాను. మాటలు అక్కడికక్కడే రికార్డు చేసే సినిమా అయితే ఫ్యాన్లు, ఫ్రిజ్, గోడ గడియారంతో సహా చప్పుడు చేసేవన్నీ ఆపేస్తారు. ఫ్రిజ్ ఆపినప్పుడు తమ కారు తాళాలు అందులో పెట్టడం సౌండ్ రికార్డిస్టులకు పాత అలవాటు. ఇంటికి పోవాలంటే తాళాలు కావాలి, తాళాల కోసం ఫ్రిజ్ తెరవాలి, అప్పుడు దాన్ని మళ్ళీ ఆన్ చేయాలన్న సంగతి గుర్తొస్తుంది. ఇంత జాగ్రత్త పడేవాళ్ళు కూడా ఉంటారు. అయినా మీ నాన్నగారి మందులేవైనా చల్లగా ఉంచాల్సినవి ఉంటే, ఆ నాలుగు రోజులు వాటిని వేరేచోటికి మార్చండి. ఇన్సులిన్ లాంటివాటితో ఎవరి అలవాటునూ నమ్ముకోకూడదు.

యూనిట్ రావడానికి ముందు రోజు ప్రతి గదినీ వీడియో తీసుకోండి. గోడలు, నేల, తలుపుల అంచులు, మెట్లు, స్విచ్‌బోర్డులు, అన్నీ. పక్కన మేనేజర్‌ను కూడా నిలబెట్టుకుంటే ఇంకా మంచిది. విలువైనవి, పగిలేవి, ఇంటి కాగితాలు ఒక గదిలో పెట్టి తాళం వేయండి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు మీ సామాను జరిపే ముందు ఫోటోలు తీసుకుంటారు, మళ్ళీ అలాగే పెట్టడానికి. ఆ ఫోటోల కాపీ అడగండి, ఇస్తారు.

ఒప్పందంలో మామూలుగా ఉండాల్సినవి మీకు తెలిసే ఉంటాయి: సంస్థ పేరు, తేదీలు, డబ్బు ఎంత, ఎప్పుడు. డబ్బు సామాను దిగకముందే పూర్తిగా చేతికి రావాలి, నష్టం జరిగితే పట్టుకోవడానికి డిపాజిట్ విడిగా ఉండాలి. జనం మరిచిపోయేవి వేరే ఉన్నాయి. నాలుగు రోజులంటే షూటింగ్ నాలుగు రోజులా, లేక ముందు సెట్ వేసుకోవడం, తర్వాత విప్పుకోవడం కూడా కలిపా? ఇది తేల్చుకోకపోతే నాలుగు కాస్తా వారం అవుతుంది. ప్యాకప్ ఎన్నింటికి? ఆ వేళ దాటితే గంటకు ఇంత అని అదనంగా రాయాలి. పెనాల్టీ ఉంటే వేళ పాటిస్తారు, లేకపోతే "ఇదొక్క షాట్ మేడమ్" అంటూ అర్ధరాత్రి చేస్తారు. ప్యాచ్ వర్క్ కోసం కొన్ని నెలల తర్వాత మళ్ళీ వస్తే ఏమిటి? ఎడిటింగ్‌లో ఏదో తక్కువైందని తిరిగి రావడం చాలా మామూలు. మళ్ళీ అడిగి, మళ్ళీ డబ్బిచ్చి రావాలని ఉండాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే, మంట అంటుకుంటే బాధ్యత ఎవరిది, ఇన్సూరెన్స్ ఉందా?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. మీ ఇంట్లో తీసేది ఏమిటి? చావు సీనా, కొట్లాటా, పడకగది సీనా? కథంతా చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా. మీ ఇంట్లో ఏం జరుగుతున్నట్టు చూపిస్తారో మాత్రం చెప్పాలి. తన చేతులతో కట్టుకున్న ఇంట్లో ఒక హత్య జరిగినట్టు తెర మీద చూడటం మీ నాన్నగారికి ఇష్టమో కాదో ఆయన్నే అడగాలి. చాలామంది ఈ ప్రశ్న వేయరు, థియేటర్‌లో కూర్చున్నాక బాధపడతారు.

మీ నాన్నగారి కోసం పత్రంలో విడిగా రెండు వాక్యాలు రాయించండి. ఆయన గదిలోకి, ఆ గదికి వెళ్ళే దారిలోకి యూనిట్ మనుషులు రారు, సామాను పెట్టరు. ఇంటి ఆవరణలో ఆయన కుర్చీకి ఒక చోటు ఉంటుంది, ఫ్రేము మారి అక్కడి నుంచి లేవాల్సి వస్తే మేనేజరే స్వయంగా వచ్చి అడుగుతాడు. ఇది అతిగా ఉందేమోనని సంకోచించకండి. నటుల ఒప్పందాల్లో ఇంతకన్నా చిన్న విషయాలు రాసుకుంటారు. తన కుర్చీ గురించి కాగితం మీద రాసి, దాని కింద తనే సంతకం పెట్టడం ఆయనకు మీరు చెప్పే పది ఓదార్పు మాటల కన్నా ఎక్కువ.

పాప విషయం తేలిక. చూడనివ్వండి. మొదటి గంట కళ్ళార్పకుండా చూస్తుంది, ఆ తర్వాత విసుగొస్తుంది. షూటింగ్‌లో ఎక్కువ భాగం ఎదురుచూపే. ఒక్కటి మాత్రం తప్పక చూపించమని అడగండి. సీన్ అయిపోయాక సౌండ్ వాళ్ళు "రూమ్ టోన్" అంటారు. అప్పుడు అందరూ, స్టార్లతో సహా, ఉన్నచోట ఉన్నట్టే అర నిమిషమో నిమిషమో కదలకుండా నిలబడతారు. ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తారు. ఒక్కో గది నిశ్శబ్దం ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మాటల మధ్య ఖాళీల్లో అతకడానికి అది కావాలి. అంతమంది ఒకేసారి ఊపిరి బిగపట్టి నిలబడటం పిల్లలు మరిచిపోలేరు. ఇక ఎవరైనా "పాప ముద్దుగా ఉంది, ఒక షాట్‌లో పెడదాం" అంటే అక్కడికక్కడ సరే అనకండి. పిల్లలను కెమెరా ముందు పెట్టడానికి చాలా దేశాల్లో పని గంటల మీద, పెద్దవాళ్ళు పక్కన ఉండటం మీద నిబంధనలు ఉన్నాయి. అనుమతి పత్రం ఇస్తే ఇంటికి తీసుకెళ్ళి చదివి, అప్పుడు చెప్పండి. మీరు పక్కన లేకుండా ఏ షాట్‌కూ పంపకండి.

మీవారితో నిజం చెప్పండి. నాలుగు రోజులు తీసినది తెర మీద నాలుగు నిమిషాలు ఉండవచ్చు, ఎడిటింగ్‌లో పూర్తిగా పోనూవచ్చు. ఉన్నా, రంగులు మార్చి, సామాను మార్చి, అది మీ ఇల్లేనని మీరే గుర్తుపట్టలేనట్టు చేయవచ్చు. కనబడటం కోసం ఒప్పుకుంటే నిరాశపడే అవకాశం ఎక్కువ. డబ్బు కోసం ఒప్పుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అప్పుడు లెక్క లెక్కలాగే చూసుకోవాలి.

ఇల్లు మరీ బాగా కనబడితే వచ్చే చిక్కు కూడా ఆయనకు చెప్పండి. అమెరికాలోని ఆల్బకర్కీలో ఒక కుటుంబం ఇంటిని "బ్రేకింగ్ బ్యాడ్" సీరియల్‌లో కథానాయకుడి ఇల్లుగా చూపించారు. 2010లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో అతను కోపంతో విసిరిన పిజ్జా వెళ్ళి ఇంటి పైకప్పు మీద పడుతుంది. అంతే, అభిమానులు ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి నిజంగానే పైకప్పు మీద పిజ్జాలు విసరడం మొదలుపెట్టారు. అలా చేయొద్దని 2015లో సీరియల్ సృష్టికర్త విన్స్ గిలిగన్ బహిరంగంగా అడగాల్సి వచ్చింది. అయినా తాకిడి ఆగక 2017లో ఆ ఇంటివాళ్ళు చుట్టూ ఇనుప కంచె కట్టించుకున్నారు. షూటింగ్ వాళ్ళు వెళ్ళిపోయిన ఎన్నో ఏళ్ళ తర్వాతి మాట ఇది. ప్రతి ఇంటికీ ఇలా జరగదు, నూటికి తొంభై తొమ్మిది ఇళ్ళను ఎవరూ వెతకరు. అయినా జాగ్రత్తగా కొన్ని అడగడంలో తప్పు లేదు. ఇంటి నంబరు, వీధి బోర్డు, నేమ్‌ప్లేటు ఫ్రేములో పడకుండా మార్చాలి. ప్రచారంలో చిరునామా చెప్పకూడదు. షూటింగ్ జరుగుతుండగా యూనిట్ వాళ్ళు గానీ మీరు గానీ లొకేషన్ తెలిసేలా ఫోటోలు పెట్టకూడదు. ఈ చివరిది పాప స్కూల్ కబుర్లకు కూడా వర్తిస్తుంది, మెల్లగా చెప్పండి.

ఇరుగుపొరుగుకు యూనిట్ కన్నా ముందు మీరే చెప్పండి. నాలుగు రోజులు వాళ్ళ బండ్లకు చోటు ఉండదు, రాత్రిళ్ళు లైట్లు వాళ్ళ కిటికీల్లో పడతాయి, డబ్బు మాత్రం మీకొక్కరికే వస్తుంది. ఆ కోపం యూనిట్‌తో పాటు వెళ్ళిపోదు, మీ మీదే ఉంటుంది. పక్కింట్లో పసిపిల్లలో, జబ్బు మనిషో, పరీక్షలు రాసేవాళ్ళో ఉంటే ఆ సంగతి మేనేజర్‌కు మీ నోటితోనే చెప్పండి. వీధిలో షూటింగ్‌కు అధికారులు ఇచ్చే అనుమతి కాగితం ఒకటి ఉండాలి, దాన్ని చూపించమనండి. న్యూయార్క్ లాంటి నగరం 1966లోనే ఈ అనుమతులు చూడటానికి మేయర్ కింద విడిగా ఒక కార్యాలయం పెట్టుకుంది. అంబులెన్స్‌కు దారి, నడిచేవాళ్ళకు దారి ఎలా ఉంచాలో అలాంటి కాగితంలో ఉంటుంది. ఆ అనుమతి వీధి వరకే. మీ గడప లోపలికి రావడానికి మీ నాన్నగారి అనుమతి తప్ప ఇంకెవరిదీ పనికిరాదు. గడప బయట తన గోడ పక్కన కూర్చున్న మనిషిని గద్దించడానికి ఆ కాగితం ఆ రోజూ ఎవరికీ హక్కు ఇవ్వలేదు.

మరి ఒప్పుకోవాలా వద్దా అంటారా? నా అభిప్రాయం చెబుతాను. మీ నాన్నగారు మేనేజర్‌తో ఎదురుగా కూర్చుని మాట్లాడటానికి ఇష్టపడితే, ఆయన అడిగినవన్నీ కాగితం మీదికి వస్తే, ఇవ్వండి. షూటింగ్ మంచి అనుభవమే. వేరేవేరు పనులు తెలిసిన ఇంతమంది ఒక్క షాట్ కోసం కలిసి కష్టపడటం దగ్గర నుంచి చూసే అవకాశం అందరికీ రాదు. ఆయనకూ నచ్చవచ్చు. మానిటర్ పక్కన కూర్చోబెట్టి ఏం జరుగుతోందో చెప్పే మనిషి ఒక్కడు దొరికితే చాలు, చాలామంది పెద్దవాళ్ళు పిల్లల కన్నా ఆసక్తిగా చూస్తారు.

ఆయన మాట్లాడటానికి కూడా ఇష్టపడకపోతే, మళ్ళీ "మీ ఇష్టం" అనే అంటే, దాన్ని వద్దు కిందే లెక్కపెట్టండి. ఇల్లు కట్టినవాడు మనసులో వద్దనుకుంటూ ఉండగా నాలుగు రోజులు ఆ ఇంట్లో పరాయివాళ్ళు తిరగడం ఎంత డబ్బు ఇచ్చినా సరిపోయే సంగతి కాదు. మీవారికి ఆ మాట మీరు చెప్పండి, నాన్నగారి మీదికి నెట్టకండి. పాప రెండు రోజులు అలుగుతుంది, మరిచిపోతుంది. వద్దనుకుంటే మేనేజర్‌కు ఆ రోజే ఫోన్ చేసి చెప్పేయండి, "చూద్దాం, ఆలోచిస్తున్నాం" అని నాన్చకండి. తేదీలు దగ్గరపడ్డాక ఇల్లు లేదంటే వాళ్ళు చాలా ఇబ్బంది పడతారు. ఇప్పుడే తెలిస్తే ఇంకో ఇల్లు వెతుక్కునే టైమ్ ఉంటుంది.